ఒక్క క్లిక్కా, పెద్ద ఫారమా, తెలిసినవాళ్ల మాటా: ఆన్‌లైన్ ఉద్యోగ దరఖాస్తుకు ఏ దారి ఎప్పుడు పట్టాలి

రెజ్యూమే అప్‌లోడ్ చేయమంటుంది. చేస్తాం. వెంటనే అందులో ఉన్నదంతా పెట్టెల్లో మళ్లీ టైపు చేయమంటుంది. మనం చదివిన కాలేజీ పేరు ఇచ్చిన జాబితాలో ఉండదు. తేదీ ఒక పద్ధతిలో రాస్తే ఎర్రగా మారుతుంది, ఇంకో పద్ధతిలో రాసినా ఎర్రగానే ఉంటుంది. ఐదో పేజీకి చేరాక సెషన్ ముగిసిందని లాగిన్ పేజీకి తిప్పి పంపుతుంది. ఇవన్నీ దాటి సబ్మిట్ నొక్కితే ఒక ఆటోమేటిక్ ఈమెయిల్ వస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. మంచి పనిమంతులు కూడా ఈ తతంగంతోనే డీలా పడిపోవడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ల తప్పేమీ లేకుండానే తమ మీద తమకు నమ్మకం పోతుంది. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఫారాలను మనం మార్చలేం. ఏ ఫారంలోకి దిగాలో, దేన్ని సగంలో వదిలేయాలో, ఎక్కడ అసలు ఫారం జోలికే పోకుండా మనిషిని పట్టుకోవాలో మాత్రం మనమే తేల్చుకోవచ్చు. నేను చూసే కొలత ఒకటే: ఈ దారిలో నేను పంపింది ఒక మనిషి కళ్లబడే అవకాశం ఎంత, అందుకు నా సమయం ఎంత పోతుంది? కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

అవతలి వైపు ఏం జరుగుతుంది

దారి ఎంచుకోవాలంటే ముందు ఇది తెలియాలి. పెద్ద సంస్థలకు వచ్చే దరఖాస్తులన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో పడతాయి. దాన్నే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్, క్లుప్తంగా ఏటీఎస్ అంటారు. వర్క్‌డే, ఒరాకిల్ వాళ్ల టాలియో, శాప్ వాళ్ల సక్సెస్‌ఫ్యాక్టర్స్, గ్రీన్‌హౌస్, లీవర్ ఇవన్నీ ఆ కోవలోవే. "ఏటీఎస్ 75 శాతం రెజ్యూమేలను మనిషి చూడకముందే పారేస్తుంది" అన్న మాట ఏళ్లుగా తిరుగుతోంది. దాన్ని నిలబెట్టే అధ్యయనం ఏదీ లేదు. అయినా ఆ మాట నమ్మి, కాగితం రంగులో కలిసిపోయే తెల్ల అక్షరాలతో రెజ్యూమేలో కీవర్డులు దాచేవాళ్లున్నారు. రెజ్యూమే మామూలు టెక్స్టుగా మారగానే ఆ దాచినదంతా రిక్రూటర్ ముందు బయటపడుతుంది. ఆ పని చేయకండి.

వడపోత ముఖ్యంగా రెండుచోట్ల జరుగుతుంది. మొదటిది ఫారంలోని అవును, కాదు ప్రశ్నల దగ్గర. ఈ దేశంలో పనిచేసే అనుమతి ఉందా, ఫలానా లైసెన్సు ఉందా, కనీసం ఐదేళ్ల అనుభవం ఉందా అని అడుగుతారు కదా, వాటిలో కొన్నిటికి "లేదు" అని నొక్కితే దరఖాస్తు దానంతట అదే తిరస్కరణకు పోయేలా సంస్థ పెట్టుకోవచ్చు. రెండోది రిక్రూటర్ వెతుకులాట దగ్గర. వందల దరఖాస్తులు వచ్చినప్పుడు కొన్ని మాటలు కొట్టి వెతికి, పైన వచ్చినవాటిని చదువుతారు. పిలవడానికి సరిపడా మనుషులు దొరికాక మిగతావి తెరవరు. మీ దరఖాస్తు బాగా లేక పోవడం ఒకటి, ఎవరూ తెరవకపోవడం ఇంకొకటి. జవాబు రానప్పుడు ఈ రెండో కారణమే ఉండే అవకాశం ఎక్కువని గుర్తుంచుకుంటే మనసుకు కాస్త ఊరట.

2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి ఒక అధ్యయనం చేశాయి. నైపుణ్యం ఉన్నవాళ్లే ప్రకటనలోని షరతులకు అక్షరం పొల్లుపోకుండా సరిపోలేదన్న కారణంతో వడపోతలో పోతున్నారని అందులో 88 శాతం యజమానులు ఒప్పుకున్నారు. ఆరు నెలలకు మించి ఉద్యోగం లేని ఖాళీ కనిపిస్తే పక్కన పెట్టే సంస్థలు దాదాపు సగం ఉన్నాయని కూడా తేలింది. ఇక్కడే నా మొదటి సలహా. పిల్లల కోసమో, అనారోగ్యం వల్లో మీకు మధ్యలో విరామం వచ్చినా, ఒక రంగం నుంచి ఇంకో రంగానికి మారుతున్నా, డిగ్రీ లేకుండా అనుభవంతో పైకి వచ్చినా, ఫారం మీకు అన్నిటికంటే నష్టం చేసే దారి. మీ కథ పెట్టెల్లో ఇమడదు. మనిషికి చెబితే అర్థమవుతుంది. కాబట్టి మీ సమయంలో ఎక్కువ భాగం మనుషుల దారిలోనే పెట్టండి. చదువు, అనుభవం, హోదాలు అన్నీ ఒకే వరుసలో సాఫీగా ఉన్నవాళ్లకు ఫారం అంత ఇబ్బంది పెట్టదు.

ఒక్క క్లిక్ దారి

లింక్డ్‌ఇన్‌లో ఈజీ అప్లై, ఇతర పోర్టళ్లలో అలాంటి బటన్లు. నిమిషంలో అయిపోతుంది కాబట్టి హాయిగా ఉంటుంది. మనకు ఎంత తేలికో మిగతావాళ్లకూ అంతే తేలిక కావడమే ఇందులోని చిక్కు. లింక్డ్‌ఇన్‌లో నిమిషానికి సగటున 11 వేల దరఖాస్తులు పడుతున్నాయని 2025లో ఆ సంస్థే చెప్పింది. అంత వరదలో మీది ఎవరి కంటబడాలంటే రెండు ఉండాలి. ప్రకటన వచ్చి ఒకటి రెండు రోజులకు మించకూడదు, మీ పాత హోదా ప్రకటనలోని హోదాకు దగ్గరగా ఉండాలి. రెండూ ఉంటే నొక్కండి, లేకపోతే వదిలేయండి.

ఒక్క క్లిక్‌లోనూ ఒక మెలిక ఉంది. చాలామంది బటన్ నొక్కేటప్పుడు ఏ రెజ్యూమే వెళ్తోందో చూడరు. ఎప్పుడో అప్‌లోడ్ చేసిన పాత ఫైలే వెళ్లిపోతుంది. సబ్మిట్‌కు ముందు ఫైలు పేరు చూసుకోవడం, ప్రొఫైల్లోని తేదీలు రెజ్యూమేలోని తేదీలతో కలుస్తున్నాయో లేదో సరిచూడటం, ఈ రెండూ తప్పనిసరిగా చేయాలి. రెండుచోట్లా వేర్వేరు తేదీలుంటే చదివేవాళ్లకు అనుమానం వస్తుంది.

ఇదే ఉద్యోగం సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కూడా ఉంటే? అక్కడ ఫారం చిన్నదైతే సొంత వెబ్‌సైట్‌కే నా ఓటు. పోర్టల్లో ప్రకటన ఎప్పుడో ముగిసినా ఇంకా కనిపిస్తూ ఉండొచ్చు. సంస్థ పేజీలో తీసేసి ఉంటే మీ శ్రమ మిగిలినట్టే.

సంస్థ సొంత పేజీ, పెద్ద ఫారం

అన్ని సంస్థల ఫారాలూ ఒక్కలా ఉండవు. ఎంత సమయం పట్టేదీ అడ్రస్ బార్ చూసి ముందే పసిగట్టొచ్చు. లింకులో గ్రీన్‌హౌస్ అనో లీవర్ అనో కనిపిస్తే సాధారణంగా అకౌంట్ తెరవక్కర్లేదు. ఒకే పేజీలో రెజ్యూమే, నాలుగు ప్రశ్నలతో ముగుస్తుంది. వర్క్‌డే అని కనిపిస్తే ఆ సంస్థకంటూ విడిగా అకౌంట్ కావాలి. ఒక సంస్థకు వర్క్‌డేలో చేసిన అకౌంట్ ఇంకో సంస్థకు పనికిరాదు, ఎందుకంటే ప్రతి సంస్థ డేటా విడివిడి అరల్లో ఉంటుంది. టాలియో, సక్సెస్‌ఫ్యాక్టర్స్ కూడా ఎక్కువగా ఇదే పద్ధతి. "మొన్ననే అకౌంట్ చేశానే, మళ్లీ అడుగుతుందేంటి" అని తల పట్టుకోవాల్సిన పని లేదు, దాని నిర్మాణమే అంత.

అందుకని గ్రీన్‌హౌస్ తరహా ఫారం అయితే ఉద్యోగం సుమారుగా సరిపోయినా పెట్టేయొచ్చు. వర్క్‌డే తరహా ఫారం అయితే నిజంగా కావాలనుకున్న ఉద్యోగానికే కూర్చోండి. ఒక సంస్థలో వరసగా చాలా ఉద్యోగాలు మీకు సరిపోయేట్టు ఉంటే మాత్రం ఆ ఒక్క అకౌంట్ శ్రమ పెట్టొచ్చు. రెండోసారి పెట్టేటప్పుడు పాత వివరాలు చాలావరకు అక్కడే ఉంటాయి.

దిగాలనుకున్నాక కష్టం తగ్గించుకునే పనులు కొన్ని ఉన్నాయి. పాస్‌వర్డులన్నీ గుర్తుపెట్టుకునే పాస్‌వర్డ్ మేనేజర్ లేకుండా ఈ దారిలోకి రాకండి. బిట్‌వార్డెన్ లాంటిది ఉచితంగానే దొరుకుతుంది, బ్రౌజర్లో ఉన్నదైనా సరిపోతుంది. ఉద్యోగాల కోసమే ఒక ఈమెయిల్ చిరునామా విడిగా పెట్టుకోండి. అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ఒక మాస్టర్ ఫైలు. పాత ఉద్యోగాల్లో చేరిన నెల, వదిలిన నెల, అక్కడి చిరునామా, పై అధికారి హోదా, చదువు వివరాలు, ఒక్కో ఉద్యోగంలో చేసిన పని నాలుగు వాక్యాల్లో, తరచూ అడిగే "మా సంస్థలోనే ఎందుకు" లాంటి ప్రశ్నలకు జవాబులు, అన్నీ మామూలు టెక్స్టుగా అందులో ఉండాలి. పెద్ద జవాబులు ఎప్పుడూ ఫారంలో నేరుగా రాయకండి. ఆ ఫైల్లో రాసి అతికించండి. సెషన్ పోయినా మీ మాటలు పోవు.

ఫోన్లో నింపడం కంటే కంప్యూటర్‌లో నింపడం మేలు. ఫోన్ మాత్రమే ఉంటే పెద్ద ఫారాలను కాస్త పక్కన పెట్టి చిన్నవాటితో మొదలుపెట్టండి. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకూ, మౌస్ వాడలేనివాళ్లకూ కొన్ని ఫారాలు అసలు కదలవు. అలాంటప్పుడు పేజీ అడుగున సౌకర్యాల కోసం ఇచ్చిన ఈమెయిల్‌కు ఏ పెట్టె దగ్గర ఆగిపోయిందో రాసి, దరఖాస్తును ఈమెయిల్లో తీసుకోమని అడగండి. అది అడగడంలో తప్పేమీ లేదు, మొహమాటం అక్కర్లేదు.

రిఫరల్: అన్నిటికంటే బలమైన దారి, అందరూ ఆలస్యంగా పట్టుకునేది

లోపల పనిచేసే ఒకరు మీ పేరు చెబితే మీ దరఖాస్తు విడిగా కనిపిస్తుంది. ఎవరో ఒకరు తెరిచి చూస్తారు. మిగతా దారులన్నీ కలిపినా ఇంత హామీ ఇవ్వవు. "నాకు ఎవరూ తెలీదు" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తెలియడం అంటే దగ్గరి స్నేహం అనుకుంటారు కాబట్టి అలా అనిపిస్తుంది.

సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానవెటర్ 1973లో అచ్చువేసిన పరిశోధనలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఆ పరిచయస్తుల్ని ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచూ కలిసేవాళ్ల ద్వారా దొరికింది 16.7 శాతం మందికే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారా 55.6 శాతం మందికి, అరుదుగా కలిసేవాళ్ల ద్వారా 27.8 శాతం మందికి దొరికింది. కారణం సులువే. దగ్గరివాళ్లకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసే ఉంటాయి, దూరపు పరిచయస్తులకు తెలిసినవి మనదాకా రావు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మంది మీద ఐదేళ్లపాటు జరిగిన ప్రయోగాలను పరిశీలించి దాదాపు ఇదే చెప్పింది. ఉద్యోగం మారడానికి ఎక్కువగా సాయపడింది ఓ మోస్తరు పరిచయాలు. మరీ దగ్గరివీ కాదు, ముక్కూ మొహం తెలియనివీ కాదు.

అంటే మీరు అడగాల్సింది పాత ఆఫీసులో పక్క టీమ్‌లో ఉన్నవాళ్లను, కాలేజీలో రెండేళ్ల సీనియర్‌ను, ఒక శిక్షణలో పక్కన కూర్చున్న మనిషిని. వాళ్లకు రాసేటప్పుడు "ఏదైనా ఉద్యోగం ఉంటే చెప్పండి" అని రాస్తే ఏం చేయాలో వాళ్లకూ తోచదు. పని వాళ్లకు తేలికయ్యేలా రాయాలి. ఇలా:

"నమస్కారం అండి. మీరు ఆ టీమ్‌లో ఉన్నప్పుడు నేను పక్కన టెస్టింగ్‌లో పనిచేశాను. మీ సంస్థలో టెస్ట్ లీడ్ ఖాళీ చూశాను, లింకు కింద పెట్టాను. ఈ పనిలో నాకు ఆరేళ్ల అనుభవం ఉంది. ఆ టీమ్ ఎలా ఉంటుందో పది నిమిషాలు మాట్లాడగలరా? సరిపోతాననిపిస్తేనే రిఫర్ చేయండి, లేకపోయినా నేనేమీ అనుకోను."

చివరి వాక్యం చాలా అవసరం. రిఫర్ చేసేవాళ్లు తమ పేరు పణంగా పెడుతున్నారు. కాదనడానికి దారి ఇస్తేనే ఔననడం వాళ్లకు సులువవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి వరస. చాలా సంస్థల్లో మీరు ముందే సొంతంగా దరఖాస్తు పెట్టేస్తే, ఆ తర్వాత రిఫరల్ దానికి అంటదు. కాబట్టి ఇష్టమైన ఉద్యోగం కనిపించగానే ఫారం తెరవకండి. ముందు ఒకరోజు మనుషుల కోసం వెతకండి. ఎవరూ దొరక్కపోతే అప్పుడు ఫారం.

పరిచయం ఏదీ లేకపోతే ఆ టీమ్‌ను నడిపేవాళ్లకు నేరుగా రాయడం ఇంకో దారి. చిన్న సంస్థల్లో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే రాసినవి చదివేది, నియమించేది ఒకరే. పెద్ద సంస్థల్లో తక్కువ. దరఖాస్తు పెట్టాక ఐదారు వాక్యాలు, వాళ్లు చేస్తున్న పనికి సంబంధించి మీరు చేసిన ఒక్క పని, అంతే. జవాబు రాకపోతే వారం ఆగి ఒకసారి గుర్తుచేయండి. మూడోసారి రాయొద్దు.

కన్సల్టెన్సీల గురించి క్లుప్తంగా చెప్తాను. మంచి కన్సల్టెన్సీకి డబ్బు ఇచ్చేది సంస్థ, అభ్యర్థి కాదు. ప్రైవేటు నియామక సంస్థలు ఉద్యోగార్థుల దగ్గర ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ రుసుము తీసుకోకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందంలోని సూత్రం. రిజిస్ట్రేషన్ ఫీజు అన్న మాట వినగానే ఫోన్ పెట్టేయండి. నిజమైనవాళ్లతో పనిచేసినా, మీ రెజ్యూమే ఏ సంస్థకు పంపుతున్నారో పంపేముందే చెప్పమనండి. ఒకే ఉద్యోగానికి ఇద్దరి ద్వారా మీ పేరు వెళ్తే కమీషన్ ఎవరిదన్న తగాదా ఎందుకని సంస్థ మిమ్మల్నే పక్కన పెట్టొచ్చు.

అసలు ఆ ఉద్యోగం ఉందా

కొన్ని ప్రకటనల వెనక ఖాళీయే ఉండదు. ముందు ముందు కావాల్సి వస్తుందని రెజ్యూమేలు పోగేసేవి, మనిషిని లోపలే నిర్ణయించుకుని నిబంధన కోసం వేసేవి, తీసేయడం మరిచిపోయినవి. వీటి మీద పోయే సమయమే మనల్ని అన్నిటికంటే కుంగదీస్తుంది. ప్రభుత్వాలు కూడా దీన్ని గుర్తిస్తున్నాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి, 25 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ప్రకటన నిజమైన ఖాళీకేనా కాదా చెప్పాలి. ఇంటర్వ్యూ చేసినవాళ్లకు, చివరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లో నియామక నిర్ణయం జరిగిందో లేదో తెలపాలి. అన్నిచోట్లా ఇలాంటి నిబంధన రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

అది వచ్చేదాకా మనమే చూసుకోవాలి. ప్రకటన ఎప్పటిదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. గూగుల్ వెతుకులాటలో ఉద్యోగం కనిపించాలంటే సంస్థలు పేజీ లోపల ప్రకటన తేదీని ఒక నిర్ణీత రూపంలో రాయాలి. బ్రౌజర్లో పేజీ సోర్సు, అంటే పేజీ వెనకున్న కోడ్ తెరిచి, డేట్ పోస్టెడ్ అన్న మాటను ఇంగ్లిషులో మధ్యలో ఖాళీ లేకుండా (datePosted) వెతికితే ఆ తేదీ దొరుకుతుంది. పైన "నిన్న" అని చూపిస్తున్న ప్రకటన అసలు ఎన్నో నెలల కిందటిదని కొన్నిసార్లు ఇలాగే తేలుతుంది. సంస్థ తేదీని కూడా మార్చేస్తూ ఉంటే ఇది పనిచేయదు. అప్పుడు ఆ వివరణలో చేయాల్సిన పని ఎంత నిర్దిష్టంగా ఉందో చూడండి. ఎవరి కింద పనిచేయాలి, మొదటి ఆరు నెలల్లో ఏం చేయాలి లాంటివి ఏమీ లేకుండా మెచ్చుకోలు మాటలే నిండి ఉంటే అనుమానించండి.

మోసాలు ఇంతకంటే ప్రమాదం. ఇంటర్వ్యూ మొత్తం చాట్‌లోనే నడపడం, సంస్థ పేరుకు ఒక్క అక్షరం తేడాతో ఉన్న ఈమెయిల్, పరికరాల కోసమో శిక్షణ కోసమో ముందు డబ్బు కట్టమనడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆగిపోండి. దరఖాస్తు దశలో బ్యాంకు వివరాలు, గుర్తింపు కార్డు కాపీలు ఇవ్వక్కర్లేదు. ఆఫర్ చేతికొచ్చాక, ఆ సంస్థ నిజమైనదని తేలాకే అవి.

ఫారంలోకి దిగాక వచ్చే చిన్న చిన్న సందేహాలు

పీడీఎఫ్‌నా, వర్డ్ ఫైలా? ప్రకటనలో చెప్పి ఉంటే అదే. చెప్పకపోతే పీడీఎఫ్, కానీ అక్షరాలను ఎంచుకుని కాపీ చేయగలిగేదై ఉండాలి. స్కాన్ చేసింది పనికిరాదు. ఒక చిన్న పరీక్ష చేయండి: రెజ్యూమే మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చదవండి. అక్కడ వరస తప్పితే సాఫ్ట్‌వేర్‌కూ తప్పే అవకాశం ఉంది. రెండు నిలువు వరసల డిజైన్లలో ఎడమ పక్క నైపుణ్యాలు, కుడి పక్క ఉద్యోగాలు కలగాపులగం అవుతాయి. పేజీ పైన హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు కొన్నిటికి కనిపించదు. ఇంగ్లిషు రెజ్యూమేల్లో ఇంకో సూక్ష్మమైన సమస్య ఉంది: కొన్ని ఫాంట్లలో ఎఫ్, ఐ అక్షరాలు కలిసి ఒకే గుర్తుగా మారి, కాపీ చేసినప్పుడు మాయమవుతాయి. అప్పుడు "సర్టిఫికెట్" అన్న మాటతో వెతికితే మీది దొరకదు. ఇది కనిపిస్తే ఫాంటు మార్చేయండి.

అప్‌లోడ్ చేశాక ఫారం తనంతట తాను నింపుకున్న వివరాలను నమ్మాలా, చెరిపి మళ్లీ రాయాలా? సరిదిద్దడం చాలు. ముఖ్యంగా హోదాలు, నెలలు, సంస్థల పేర్లు చూడండి. పని వివరణల పెట్టెలో వాక్యాలు విరిగినా పెద్ద నష్టం లేదు. రిక్రూటర్లు ఎక్కువగా అసలు ఫైలునే తెరుస్తారు.

ప్రతి ఉద్యోగానికీ రెజ్యూమే మార్చాలా? మొత్తం మార్చడం అలసట తప్ప ఇంకేం ఇవ్వదు. మీరు వెతికే ఉద్యోగాల రకాలు రెండో మూడో ఉంటాయి, రకానికొకటి చొప్పున సిద్ధం చేసుకోండి. పంపేముందు పైనున్న పరిచయ వాక్యాలు, మొదటి రెండు మూడు అంశాలు మాత్రం ప్రకటనలోని మాటలకు దగ్గరగా మార్చండి. వాళ్లు "కస్టమర్ సక్సెస్" అని రాస్తే, మీరు నిజంగా చేసిన పని అదే అయితే మీరూ ఆ మాటే వాడండి. చేయని పని పేరు మాత్రం పెట్టకండి. కవర్ లెటర్ తప్పనిసరి కాకపోతే, మీ నేపథ్యంలో విడమరిచి చెప్పాల్సింది ఏదైనా ఉన్నప్పుడే రాయండి.

జీతం ఎంత కావాలన్న పెట్టె అందరినీ ఇబ్బంది పెడుతుంది. ప్రకటనలో పరిధి ఇచ్చి ఉంటే అందులో పై సగంలో ఒక అంకె రాయండి. ఇవ్వకపోతే అదే పనికి మార్కెట్లో ఎంత ఇస్తున్నారో చూసి, ఆ అంకెకు పిలిస్తే నిజంగా చేరతారనుకున్నది రాయండి. సున్నా రాసి తప్పించుకోవడం నాకు నచ్చదు, వడపోతలో అది ఎటు పోతుందో తెలియదు. పాత జీతం అడగడం న్యాయం కాదని ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన వేతన పారదర్శకత ఆదేశం తేల్చింది, సభ్యదేశాలకు 2026 జూన్ 7 వరకు గడువిచ్చింది. మీరున్నచోట అలాంటి చట్టం లేకపోయినా, ఆ పెట్టె తప్పనిసరి కానంతవరకు ఖాళీగా వదిలేయొచ్చు.

ఏఐ చేత పెట్టించాలా

మీరు నిద్రపోతుంటే వందల దరఖాస్తులు పెట్టేస్తామనే టూల్స్ ఇప్పుడు చాలా ఉన్నాయి. విసిగిపోయినవాళ్లకు ఎంత ఆశగా ఉంటుందో అర్థం చేసుకోగలను. అయినా వద్దనే అంటాను. అర్హత ప్రశ్నలకు అది మీ తరఫున తప్పు జవాబు నొక్కితే ఆ అబద్ధం మీ పేరు మీదే ఉంటుంది. సరిపోని ఉద్యోగాలకు ఒకే సంస్థలో పదేపదే పెడితే తర్వాత నిజంగా సరిపోయేదానికి పెట్టినప్పుడు కూడా ఆ చరిత్ర రిక్రూటర్‌కు కనిపిస్తుంది. పైగా అనుకోకుండా ఫోన్ వస్తే ఏ ఉద్యోగమో మీకే తెలియదు.

బ్రౌజర్లో పేరు, చిరునామా, పాత ఉద్యోగాలు నింపిపెట్టే ఆటోఫిల్ ఎక్స్‌టెన్షన్లు వేరు. సబ్మిట్ మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి అవి వాడొచ్చు, వాడండి. ప్రకటనను మీ రెజ్యూమేతో పోల్చి ఏం తగ్గిందో చెప్పమని ఏఐని అడగడం కూడా మంచిదే. దాంతో వాక్యాలు రాయిస్తే మాత్రం మీ గొంతుతో తిరగరాయండి. ఏఐ రాసిన ఉత్తరాలు ఒకదానికొకటి నకళ్లలా ఉండటం రిక్రూటర్లు రోజూ చూస్తున్నారు.

కెమెరాకు ఒక్కరే మాట్లాడి రికార్డు చేసి పంపే వీడియో ఇంటర్వ్యూ మొదటి దశలోనే అడిగితే? ఆ రంగంలో పెద్ద సంస్థ అయిన హైర్‌వ్యూ ముఖ కవళికలను విశ్లేషించడం మానేసినట్టు 2021లో ప్రకటించింది, కాబట్టి అక్కడ లెక్కకు వచ్చేది మీరు చెప్పే మాటలే. బాగా కావాలనుకున్న ఉద్యోగమైతే చేయండి. మామూలు ఉద్యోగానికి, ఇంకా ఎవరూ మీతో ఒక్క మాటైనా మాట్లాడకముందే గంట సమయం అడిగితే వదిలేయడం తప్పు కాదు.

సమయాన్ని ఎలా పంచాలి

ఉద్యోగంలో ఉండి మారాలనుకునేవాళ్లు ఫారాల జోలికి చాలా తక్కువగా వెళ్లండి. మీకు తొందర లేదు, రిఫరల్‌కు సమయం ఉంది. వారానికి ఇద్దరు పాత పరిచయస్తులతో మాట్లాడటం చాలు. కొత్తగా చదువు ముగించినవాళ్లకు పరిచయాలు తక్కువ, ప్రారంభ స్థాయి ఉద్యోగాలకు సంస్థలు ఫారాల ద్వారానే ఎక్కువమందిని తీసుకుంటాయి. మీరు సంస్థల సొంత పేజీల మీద, వాళ్లు ప్రకటించే గడువు తేదీల మీద కన్నేసి ఉంచండి, సీనియర్లను అడగడం కూడా మానకండి. ఉద్యోగం పోయి డబ్బు తొందర ఉన్నవాళ్లు అన్ని దారులూ వాడక తప్పదు. అయినా పొద్దున తేటగా ఉన్న సమయాన్ని మనుషులకు రాయడానికి, మధ్యాహ్నం ఒకటి రెండు పెద్ద ఫారాలకు, అలసిన సమయాన్ని ఒక్క క్లిక్ దరఖాస్తులకు పెట్టండి. రాత్రి పొద్దుపోయాక పెద్ద ఫారాలు ముట్టుకోవద్దు, తప్పులన్నీ అప్పుడే దొర్లుతాయి.

పెట్టిన ప్రతి దరఖాస్తునూ ఒక షీటులో రాసుకోండి: సంస్థ, హోదా, తేదీ, ఏ దారిలో పెట్టారు, ఏ రెజ్యూమే పంపారు, ప్రకటన పూర్తి పాఠం. చివరిది మరవకండి. ఇంటర్వ్యూకు పిలిచే వేళకు ప్రకటన పేజీ తీసేసి ఉంటారు, ఏం అడిగారో చూసుకోవడానికి మీ దగ్గర ఉన్నదే దిక్కు. నెల తిరిగాక ఆ షీటులో ఏ దారి నుంచి ఫోన్లు వచ్చాయో చూడండి. ఒక దారి నుంచి ఒక్క పిలుపూ రాకపోతే వచ్చే నెల ఆ సమయాన్ని వేరే దారికి మళ్లించండి. ఫోన్లు వచ్చి ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతుంటే దరఖాస్తులు బాగానే ఉన్నట్టు లెక్క, ఆ గంటలను ఇంటర్వ్యూ సాధనకు పెట్టండి.